పాత రైల్వే యార్డు జాగాలకు మట్టి పరీక్షలు: ఏ ప్యాకేజీకి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు

గుంతకల్లు, గుత్తి లాంటి రైల్వే ఊళ్లలో యార్డు ఊరికి దూరంగా ఉండదు. వాడకం ఆగిన యార్డు జాగాలో షాపులో, అపార్ట్‌మెంట్లో వస్తాయన్న మాట పుట్టగానే చుట్టుపక్కల వాళ్లు అడిగేది ఒకటే: ఆ మట్టిలో ఏముంది, తవ్వితే మా బోర్లకు ఏమవుతుంది? ఆ భయం ఉత్తది కాదు. జవాబుగా చూపించే రిపోర్టుల్లో చాలావాటికి మాత్రం ఆ ప్రశ్నతో సంబంధమే ఉండదు.

బిల్డరు మొదట చేయించే సాయిల్ టెస్ట్ ఐఎస్ 2131 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసే ఎస్‌పీటీ (నేలలోకి గొట్టాన్ని దెబ్బలతో దించి గట్టితనం చూసే పరీక్ష). నేల ఎంత బరువు మోస్తుందో చెబుతుంది, నల్లరేగడిలో అది లేకుండా పునాది వేయకూడదు. కానీ డీజిల్ గురించి ఒక్క ముక్క చెప్పదు. సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాలు పంట కోసం. ఇక తాగునీటి బేసిక్ ప్యాకేజీలో టీడీఎస్, గట్టిదనం, నైట్రేట్, ఫ్లోరైడ్ ఉంటాయి. అనంతపురం నీళ్లకు ఫ్లోరైడ్ చూడాల్సిందే, అయితే అది రాతి నుంచి వచ్చేది, యార్డు నుంచి కాదు.

యార్డు మట్టికి కావాల్సిన జాబితా వేరు: డీజిల్, లూబ్రికెంట్ల కోసం టీపీహెచ్ (మొత్తం పెట్రోలియం నూనెల లెక్క), బొగ్గు బూడిద, క్రియోసోట్ (చెక్క చెడకుండా పూసే తారు నూనె) పూసిన చెక్క స్లీపర్ల వల్ల పీఏహెచ్‌లు (బొగ్గు, తారుల్లో ఉండే విష రసాయనాలు), బ్యాటరీలు, పాత పెయింట్ల సీసం, గడ్డిమందుల ఆర్సెనిక్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పీసీబీ (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లోని విష రసాయనం), పాత బ్రేక్ బ్లాకులు, రేకుల ఆస్బెస్టాస్. ఈ పేర్లు కొటేషన్‌లో విడివిడిగా రాయించండి. "హెవీ మెటల్స్ ప్యాకేజీ" అన్న ఒక్క మాటకు సంతకం పెట్టొద్దు.

ఎక్కువగా చెడేది ల్యాబులో కాదు, మట్టి తీసే దగ్గర. జాగా నాలుగు మూలలా తీసి కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది, నిజం కూడా తగ్గిపోతుంది. ఐదు నమూనాల్లో ఒకదాంట్లో కిలోకు 5,000 మిల్లీగ్రాముల డీజిల్ ఉండి మిగతావి శుభ్రంగా ఉంటే, కలిపాక వచ్చేది 1,000. అందుకే డీజిల్ పోసే చోటు, పిట్ లైన్ (బోగీల అడుగు భాగం రిపేరు చేసే గుంత పట్టాలు), బూడిద గుంత, స్లీపర్లు పేర్చిన చోటు, ఎరువుల బస్తాలు దిగిన గూడ్స్ షెడ్ - వేటికవే తీయాలి. పాత యార్డు ప్లాను లేకుండా వచ్చే టీమ్‌ను వెనక్కి పంపడమే మేలు. పైన కొత్తగా మొరం తోలి ఉంటే దాన్ని దాటి అసలు నేల దాకా, అక్కడి నుంచి మెత్తటి రాయి తగిలే దాకా లోతు లోతుకూ నమూనా కావాలి. టీపీహెచ్, పీఏహెచ్ మట్టి ప్లాస్టిక్ కవర్లో పనికిరాదు. గాజు సీసాలో, 4 డిగ్రీల ఐస్ బాక్సులో వెళ్లాలి. మన ఎండకు కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్తే తేలికపాటి నూనె ఆవిరైపోతుంది, రిపోర్టు మాత్రం చక్కగా వస్తుంది.

నీళ్లలోనూ ఇదే చిక్కు. నూనె పైన తేలుతుంది, లోతు బోరు మోటారు కిందినుంచి లాగుతుంది. పై పొరలో నీళ్లు దొరికే చోట వేరే చిన్న బోరు వేసి తీయాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు మినరల్ ఆయిల్ 0.5, సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, పీఏహెచ్‌లు 0.0001 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టులో "బీడీఎల్" (ల్యాబు కనిపెట్టగల కనీస మోతాదు కంటే తక్కువ) కనిపిస్తే పక్కనే ఆ కనీస మోతాదు, అంటే డిటెక్షన్ లిమిట్ చూడండి. పీఏహెచ్‌కు అది 0.001 అయితే ఆ బీడీఎల్‌కు విలువే లేదు. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందనడం చాలదు, మట్టిలో ఆ పరీక్షకే ఉందా అని స్కోప్‌లో (గుర్తింపు వర్తించే పరీక్షల జాబితాలో) వెతకాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉన్న కట్టడాలకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి, దానికి కూడా ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అంటే జనం చేతిలో మిగిలేది ఈ రిపోర్టే. 2025లో వచ్చిన కలుషిత స్థలాల నియమాల కింద మున్సిపాలిటీకి గానీ జిల్లా యంత్రాంగానికి గానీ అనుమానిత స్థలమని ఫిర్యాదు చేయొచ్చు. నమూనా పాయింట్ల మ్యాపు, లోతులు ఉన్న రిపోర్టు జత చేస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

మా మాట: ఎస్‌పీటీ చేయించండి, పునాది కోసం. బేసిక్ నీటి ప్యాకేజీని యార్డు సమాధానంగా ఒప్పుకోకండి. డబ్బు తక్కువుంటే అంశాలు తగ్గించకుండా, మొదట డీజిల్ పాయింటు, బూడిద గుంత రెండింటికే పూర్తి పరీక్ష చేయించి, అక్కడ తేలినదాన్ని బట్టి మిగతా చోట్లకు వెళ్లండి.