ఎలక్ట్రానిక్ టెస్ట్ తయారీ ఆన్‌లైన్‌లో నేర్పాలంటే: రికార్డు చేసిన పాఠమా, లైవ్ క్లాసా?

టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు కంప్యూటర్‌లో పరీక్ష తయారుచేయడం ఆన్‌లైన్‌లో నేర్పాలి. వీడియోలు తీసి పెట్టేస్తే సరిపోతుందా, లేక అందరూ ఒకే సమయానికి కూర్చునే లైవ్ క్లాసు ఉండాలా?

టూల్ నేర్పడం వరకైతే వీడియోనే మేలు, సందేహం లేదు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో ప్రశ్నల బ్యాంకు ఎక్కడుందో, గూగుల్ ఫామ్స్‌లో ఫామ్‌ను క్విజ్‌గా ఎలా మార్చాలో లైవ్‌లో చూపిస్తే, ఒకరు బటన్ వెతుక్కునేలోపు క్లాసు ముందుకు వెళ్లిపోతుంది. వీడియోనైతే ఆపుకుని, వెనక్కి తిప్పి, చేసుకుంటూ చూడొచ్చు.

కానీ టూల్ వచ్చినంత మాత్రాన పరీక్ష తయారుచేయడం వచ్చినట్టు కాదు. ఒక విద్యార్థి నాలుగు ఆప్షన్లు రాసి, చివరిది ‘పైవన్నీ’ అని పెట్టాడనుకుందాం. కాగితం మీద ఇబ్బంది లేదు. ఆప్షన్లు కలగలిపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ‘పైవన్నీ’ మొదటికి వచ్చి కూర్చోవచ్చు. దాని పైన ఏమీ ఉండదు. ఖాళీ పూరించే ప్రశ్నకు ఒకే స్పెల్లింగ్ ఇస్తే, సరైన జవాబును వేరేలా రాసినవాళ్లకు సున్నా పడుతుంది. ఇవి తయారుచేసినవాళ్లకు తేలిగ్గా కనిపించవు. లైవ్ క్లాసులో తోటివాళ్లు అదే టెస్ట్ రాస్తూ ‘పైన ఏమీ లేదు కదా!’ అన్నప్పుడు ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

ఫలితాలు చదవడం కూడా అంతే. 40 మంది రాస్తే 30 మంది సరిగ్గా చేసిన ప్రశ్నకు కఠినతా సూచిక, అంటే సరిగ్గా చేసినవాళ్ల వంతు, 0.75. ఎక్కువ మార్కులొచ్చిన 11 మందిలో 4 మంది, తక్కువ వచ్చిన 11 మందిలో 9 మంది సరిగ్గా చేశారంటే విచక్షణా సూచిక (బాగా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ప్రశ్న ఎంతవరకు వేరుచేస్తుందో చెప్పే అంకె) మైనస్‌లోకి, దాదాపు -0.45కి పోతుంది. లెక్క కంప్యూటరే చేసిపెడుతుంది. జవాబుల కీ తప్పా, ప్రశ్నకు రెండు అర్థాలు వస్తున్నాయా అన్నది మాత్రం మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. నా దృష్టిలో కోర్సుకు ప్రాణం ఈ చర్చే. దీన్ని వదిలేసి బటన్లు నేర్పితే చెడ్డ ప్రశ్నలే ఇంకా వేగంగా తయారవుతాయి.

లైవ్‌కూ కష్టాలున్నాయి. నెట్ ఆగిపోతే ఆ చర్చ పోయినట్టే. మొహమాటస్తులు నోరు విప్పరు. వందమంది ఉంటే అందరి ప్రశ్నలూ చూడటం అయ్యే పని కాదు. అలాంటి చోట మూడుల్‌లోని వర్క్‌షాప్ పనికొస్తుంది: ఒక్కొక్కరు ఇద్దరి ప్రశ్నలు చూసి, తీరిగ్గా వ్యాఖ్య రాస్తారు. మాటల్లో ఉన్నంత చురుకు ఉండదు గానీ, మాట్లాడనివాళ్లు కూడా ఇక్కడ బాగా రాస్తారు.

కాబట్టి బటన్లకు వీడియో, ప్రశ్నలకు లైవ్. వారానికి ఒక్క గంటే దొరికితే అందులో స్క్రీన్ షేర్ చేసి సెట్టింగులు చూపించొద్దు. ఆ వారం వాళ్లు రాసిన ప్రశ్నల్లో రెండు తెరమీద పెట్టి, అందరితో జవాబులు రాయించండి.