152 డాలర్ల దొంగ కాపీ, పైసా అడగని పంక్ భాండాగారం

152 డాలర్ల 43 సెంట్లు. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో ఒక పాత రికార్డుల కొట్టువాళ్లు వాషింగ్టన్ పంక్ బృందం మైనర్ థ్రెట్ మొదటి ఏడంగుళాల రికార్డును 1981 నాటి అసలు ప్రెస్సింగ్ (మొదట అచ్చైన కాపీ) అని చెప్పి మాకు అంటగట్టిన దొంగ కాపీ ఖరీదు ఇది. చీటీ మీద రాసింది 140. బిల్లు కొట్టేటప్పుడు న్యూయార్క్ అమ్మకం పన్ను 8.875 శాతం దానికి తోడైంది. అసలు ప్రెస్సింగ్ 140కి దొరుకుతోందంటేనే అనుమానించాలి. దాన్ని వేసిన డిస్కార్డ్ కంపెనీ ఆ రోజుల సరుకు మంచి స్థితిలో ఉంటే అంత తక్కువకు ఎవరూ వదులుకోరు.

ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు, ముగ్గురం. వాషింగ్టన్, న్యూయార్క్, తర్వాత కాలిఫోర్నియా. హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన, కరకు రాక్ సంగీతం పుట్టిన చోట్లు, ఆ పాటలు అచ్చేసిన చిన్న లేబుళ్ల (రికార్డు కంపెనీల) ఊళ్లు చూడాలన్నది పథకం. వర్జీనియాలో, న్యూజెర్సీలో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మొదటి రెండు ఊళ్లూ వాళ్లకు వారాంతంలో అయిపోయే దూరమే. అందుకే ముందు ఈ దొంగ కాపీల సంగతి.

రికార్డు చేతికిస్తే మొదట స్లీవ్ (పై అట్ట) మీది ఫొటో చూడండి. అసలు అచ్చులో ఫొటో సన్నటి చుక్కలతో శుభ్రంగా ఉంటుంది. దొంగది అచ్చైన స్లీవ్‌ను మళ్లీ స్కాన్ చేసి వేసినది కాబట్టి, చుక్కల మీద చుక్కలు పడి చీరకు నీటిమరక అంటినట్టు అలలు కనిపిస్తాయి. నల్లటి భాగాలు పూడుకుపోతాయి, చిన్న అక్షరాలు లావెక్కుతాయి. తర్వాత రికార్డు బయటకు తీయించండి. పాట అయిపోయాక లేబుల్ కాగితం దాకా ఉండే నున్నటి వలయమే డెడ్ వాక్స్. లాకర్ (అచ్చుకు మూలమైన మెత్తటి పూత పళ్లెం) కోసిన ఇంజనీరు అక్కడ చేత్తో గీకిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఫోన్లో డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్ తెరిచి, ఆ ప్రెస్సింగ్ ఫొటోలతో అక్షరం అక్షరం పోల్చండి. కేటలాగ్ నంబరు ఒకటైతే చాలదు, చేతిరాత వాలు కూడా కలవాలి.

మూడోది వినడం. చాలా దొంగ కాపీలకు మూలం టేపు కాదు, మరో రికార్డు. అందుకే పైన ఒక్క గీత లేకపోయినా పాటలో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తుంది. మాది దొరికిపోయింది ఇక్కడే. అతినీలలోహిత కాంతి కింద కాగితం మెరిస్తే కొత్తదనీ, మెరవకపోతే పాతదనీ కొందరు చెబుతారు, నమ్మకండి. కాగితానికి తెల్లదనమిచ్చే రసాయనాలు 1981కి చాలా ముందే వాడుకలో ఉన్నాయి.

మర్నాడు తీసుకెళ్తే "వాడిన సరుకు వాపసు లేదు" అన్న బోర్డు చూపించారు. వాడిన సరుకు వాపసు లేకపోవడం వేరు, చెప్పిన సరుకు కాకపోవడం వేరు. బిల్లు మీద "1981 అసలు ప్రెస్సింగ్" అని రాయించుకోండి, డబ్బు కార్డు మీదే ఇవ్వండి. మేం రాయించుకోలేదు. కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే మొదట అడిగింది ఆ కాగితమే.

ఇక వాషింగ్టన్. ఈ ప్రయాణంలో మనసు నిండిన ఊరు ఇదొక్కటే.

డిస్కార్డ్ 1980లో మొదలైంది. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బృందం కచేరీల మీద దాచుకున్న 600 డాలర్లు, విడిపోయేటప్పుడు పంచుకోకుండా వెయ్యి ఏడంగుళాల రికార్డులు వేయించడానికి పెట్టింది. స్లీవ్‌లు తామే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించుకున్నారు. అక్కడి నుంచి ఆ బృందంలోని ఇయాన్ మకాయ్, జెఫ్ నెల్సన్ దాన్ని లేబుల్‌గా నిలబెట్టారు. ఒప్పంద పత్రాలు లేవు, ఖర్చులు పోను వచ్చింది బృందంతో పంచుకోవడమే. వేసేదంతా వాషింగ్టన్ చుట్టుపక్కల బృందాల పాటలే. మకాయ్ తర్వాత పెట్టిన ఫ్యూగాజీ బృందం టికెట్టు సాధారణంగా 5 డాలర్లకు మించకుండా చూసుకుంది, ఏ వయసువాళ్లనైనా లోపలికి రానిచ్చింది. వాళ్ల కచేరీల రికార్డింగులు 800కు పైగా 2011 డిసెంబరు నుంచి ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చారు. ఒక్కోదానికి అడిగేది అదే 5 డాలర్లు.

ఆర్లింగ్టన్‌లోని డిస్కార్డ్ ఇంటికి వెళ్లి మెట్ల మీద ఫొటో దిగాలని చాలామందికి సరదా. అది మ్యూజియం కాదు, తలుపు తట్టకండి. ఈ బృందాలు పాటలు రికార్డు చేసిన ఇన్నర్ ఇయర్ స్టూడియో కూడా ఇప్పుడు చూడలేరు, 2021లో ఆ భవనాన్ని కౌంటీ తీసుకోవడంతో మూతపడింది. కచేరీలు జరిగే 9:30 క్లబ్ మొదట ఎఫ్ స్ట్రీట్ 930లో ఉండేది, పేరు ఆ నంబరు నుంచే వచ్చింది. 1996 జనవరిలో వి స్ట్రీట్‌కి మారింది. గోడలు చూడ్డానికైతే ఒక పూట చాలు.

వెళ్లాల్సింది జి స్ట్రీట్‌లోని మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయానికి. అక్కడ నగర గ్రంథాలయ సంస్థ 2014లో మొదలుపెట్టిన డీసీ పంక్ ఆర్కైవ్ ఉంది. కరపత్రాలు, చేత్తో కుట్టిన పత్రికలు, క్యాసెట్లు, రికార్డులు అన్నీ ఉచితంగా చూడొచ్చు. మెట్రో దిగితే నాలుగడుగులు, గ్యాలరీ ప్లేస్ స్టేషన్. ముందే మెయిల్ రాసి ఏ బృందం, ఏ ఏళ్లు కావాలో చెబితే పెట్టెలు సిద్ధంగా పెడతారు. ఊరికే వెళ్లి "పంక్ చూపించండి" అంటే సగం పూట జాబితాలు తిరగేయడంతోనే పోతుంది. అక్కడ కూర్చున్నామె మేం అడిగిన పెట్టె పక్కన, అడగని పెట్టె మరొకటి తెచ్చి పెట్టింది. 1985 వేసవి నాటి కరపత్రాలవి. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ లాంటి బృందాలు, కొట్లాటలతో విసిగిపోయి, వేగం తగ్గించి మనసులో మాట పాడడం మొదలుపెట్టిన కాలం. రికార్డు పక్కన రికార్డు పెట్టి వింటే తెలియనిది ఆ కరపత్రాల్లో తెలిసిపోయింది. 1982 నాటివాటిలో అక్షరాలు అరుస్తాయి. 1985 వాటిలో దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు నిరసనకు పిలుపులున్నాయి. అంతవరకు "ఇంతకోసమా అన్నా ఇంతదూరం లాక్కొచ్చావు?" అని సణిగిన తమ్ముడు మూసే వేళదాకా లేవలేదు.

ఆ రాత్రి భోజనం కూడా చెప్పాలి. 9:30 క్లబ్ దగ్గర, తొమ్మిదో వీధిలో ఇథియోపియా హోటళ్లు వరసగా ఉంటాయి. శాకాహార పళ్లెం 19 డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. ఇంజెరా అంటే పులిసిన టెఫ్ పిండితో ఒకవైపే కాల్చిన మెత్తటి అట్టు. మన పుల్లట్టు పెద్దదై పళ్లెమంతా పరుచుకున్నట్టుంటుంది. దాని మీద ఎర్రకారం దట్టించిన ఎర్రపప్పు, ఆకుకూర, క్యాబేజీ. చేత్తోనే తినాలి. అన్నం లేదని మొహం ముడుచుకున్న మా మూడో మనిషి రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నాడు. బస ఆర్లింగ్టన్ వైపు, రాత్రికి 149 డాలర్లు. చెప్పుకోడానికి లోపమేమీ లేదు.

బస్సులో న్యూయార్క్‌కి మనిషికి 38 డాలర్లు.

న్యూయార్క్ హార్డ్‌కోర్‌కి గుడి లాంటిది సీబీజీబీ క్లబ్. బావరీ 315లో 1973 నుంచి 2006 అక్టోబరు దాకా నడిచింది. ఆదివారం మధ్యాహ్నం కచేరీల్లోనే ఆగ్నాస్టిక్ ఫ్రంట్, క్రో-మ్యాగ్స్ లాంటివాళ్లు ఊరికి తమ చప్పుడు నేర్పారు. 2008లో అక్కడ ఖరీదైన బట్టల దుకాణం వచ్చింది. పాత పోస్టర్లు అంటించిన గోడ కొంత అట్టేపెట్టారు, ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. దానికంటే అవెన్యూ ఎ మీదుగా నడవండి. 171 నంబరు ముందు నిలబడితే, వాషింగ్టన్ నుంచి వచ్చిన బ్యాడ్ బ్రెయిన్స్ 1981లో తమ మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది అక్కడే. దాన్ని రోయిర్ లేబుల్ 1982లో క్యాసెట్‌గానే తెచ్చింది. పాత క్యాసెట్ దొరికితే కొనేముందు టేపు వెనక ఉన్న చిన్న స్పంజి పట్టీ చూడండి. జిగురెండి ఊడిపోయి ఉంటే హెడ్‌కి టేపు సరిగా ఆనదు, పాట మూగబోతుంది. పట్టీ మార్చుకోవచ్చు కానీ ధర తగ్గించమని అడగండి.

1987 నాటికి ఈ ఊరి బృందాలకు రెవిలేషన్ లేబుల్ వచ్చింది, కనెటికట్‌లోని న్యూహేవెన్‌లో రే కాపో, జోర్డాన్ కూపర్ పెట్టారు. వార్‌జోన్, యూత్ ఆఫ్ టుడే, గొరిల్లా బిస్కెట్స్. మందూ సిగరెట్టూ వద్దన్న వాషింగ్టన్ బృందాల మాటను వీళ్లు మాంసం మానేయడం దాకా తీసుకెళ్లారు. కాపో హరేకృష్ణ మార్గం పట్టి షెల్టర్ అనే బృందం పెట్టాడు. రికార్డులుగా చూస్తే ఈ తరానిది మంచి అచ్చు, బరువైన గిటారు. నాకు మాత్రం 1981-83 మధ్య వాషింగ్టన్ పదునే ఎక్కువ. తమ్ముడిది ఎదురు పక్షం, గొరిల్లా బిస్కెట్స్ ఆల్బమ్ "స్టార్ట్ టుడే" ముందు మిగతావన్నీ దిగదుడుపేనంటాడు. న్యూయార్క్‌లో ఉన్న రెండు రోజులూ ఆ వాదనతోనే గడిచాయి.

బస దగ్గర రెండో దెబ్బ. పాత భవనం, రాత్రికి 212 డాలర్లు. కిటికీ కింద ఆవిరితో వేడెక్కే ఇనప రేడియేటర్, దానికి తిప్పే మీట పనిచేయదు. అక్కడ వేడి భవనమంతటికీ ఒక్కటే, గదిలో తగ్గించుకోలేం. మా మూడో మనిషి సంచిని ఆ రేడియేటర్ పక్క గోడకు ఆనించి పడుకున్నాడు. తెల్లారేసరికి గోడవైపున్న మూడు పన్నెండంగుళాల రికార్డులు అప్పడాల్లా ముడుచుకున్నాయి. వినైల్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆవిరి రేడియేటర్ పైభాగం అంతకంటే బాగా వేడెక్కుతుంది. బస బుక్ చేసేటప్పుడే గదిలో వేడి మన చేతిలో ఉంటుందా అని అడగండి. రికార్డులను నిలువుగా, బిగుతుగా, బయటి గోడకు దూరంగా పెట్టండి. వంగినవాటిని పొయ్యి మీదో, ఎండలోనో సరిచేయాలని చూడకండి, పాట ఉండే గాడులు చెడతాయి. సామాను దాచుకోడానికి ఒక్కో సంచికి 15 డాలర్లు తీసుకున్నారు, అదీ గది ఖాళీ చేసిన అరగంట తర్వాతి నుంచే.

కొన్నవి ఎక్కువైతే న్యూయార్క్‌లోనే పోస్టు చేయండి. అమెరికా తపాలాలో మీడియా మెయిల్ అనే చౌక తరగతి రికార్డులకూ పుస్తకాలకూ వర్తిస్తుంది, దేశం లోపలే. రికార్డును స్లీవ్‌లోంచి తీసి, లోపలి కాగితంతో స్లీవ్ వెనక పెట్టి కట్టాలి. లోపలే ఉంచితే పెట్టె కిందపడ్డప్పుడు అంచు స్లీవ్‌ని చీల్చేస్తుంది.

కాలిఫోర్నియాలో ఎస్ఎస్‌టీ లేబుల్ కోసం లాస్ ఏంజెలిస్ దక్షిణపు సముద్రతీరానికి వెళ్లాం. బ్లాక్ ఫ్లాగ్ బృందం గిటారిస్టు గ్రెగ్ గిన్ కుర్రతనంలో హామ్ రేడియో సామాను అమ్మడానికి పెట్టిన సంస్థ పేరే తర్వాత లేబుల్ పేరైంది. చూడ్డానికి మిగిలింది దాదాపు ఏమీ లేదు. కారు లేకపోతే వెళ్లొద్దు. మాకు రోజుకు 74 డాలర్లు అద్దె, పైన పార్కింగు. అయితే రికార్డుల సంగతి వేరు. 1984 ఒక్క ఏడాదిలో ఈ లేబుల్ హస్కర్ డూ "జెన్ ఆర్కేడ్", మినిట్‌మెన్ "డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్" తెచ్చింది, రెండూ జంట రికార్డులు. మొదటిది మొత్తం 3,200 డాలర్లలో, దాదాపు అన్ని పాటలూ మొదటి టేకులోనే అయిపోయింది. అదే ఏడు బ్లాక్ ఫ్లాగ్ "మై వార్" రెండో వైపంతా నెమ్మదిగా, బరువుగా నడిచి పాత అభిమానులకు కోపం తెప్పించింది. ధైర్యంలో ఎస్ఎస్‌టీ డిస్కార్డ్ కంటే ముందుంది, నేనది ఒప్పుకుంటాను. లెక్కల్లో కాదు. సోనిక్ యూత్, మీట్ పపెట్స్ తమ రికార్డుల హక్కులు అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. డిస్కార్డ్‌లో 1981 నాటి పాటలు నేటికీ ఆ లేబుల్ మీదే, మామూలు ధరకే దొరుకుతున్నాయి.

బర్క్‌లీకి కారులో వెళ్తే రికార్డులు ఎండ తగలని చోట, నీడలో పెట్టండి. అక్కడ 924 గిల్మన్ 1986 చివరి రోజు నుంచీ వాలంటీర్లే నడుపుతున్న కచేరీల చోటు. సభ్యత్వ కార్డు తీసుకోవాలి. మందు ఉండదు, పిల్లలైనా రావొచ్చు. చెవులకు స్పంజి బిళ్లలు తీసుకెళ్లండి, గది చిన్నది, చప్పుడు తప్పించుకునే మూల లేదు.

చివరి రోజు అదే ఊళ్లో, మైనర్ థ్రెట్ మొదటి రెండు ఏడంగుళాల రికార్డులూ కలిపి డిస్కార్డే వేసిన పన్నెండంగుళాలది 20 డాలర్లకు దొరికింది, పన్ను వేరు. ఆ కొట్లో వినడానికి టర్న్‌టేబుల్ ఉంది. సూది పెట్టాం. టిక్కు అన్న చప్పుడు ఒక్కటీ లేదు.