తాండీ తర్వాత బంకు లేదు: మనాలీ–లేహ్ దారిలో పెట్రోలు, బస, బండి సంరక్షణ

తాండీ పెట్రోలు బంకు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని దాని మీద రాసి ఉంటుంది. మనాలీ నుంచి లేహ్‌కు బైకు మీద వెళ్లేవారిలో దాని పక్కన ఫొటో దిగనివారు అరుదు. నిజానికి లేహ్‌కు సుమారు 35 కిలోమీటర్ల ముందు కారూలో బంకు ఉంది కాబట్టి దాటవలసింది దాదాపు 330. అంత దూరం బండి లాగుతుందా లేదా అన్నది మాత్రం తాండీలో తేలే విషయం కాదు. బయలుదేరడానికి నెల ముందే, ఇంటి దగ్గరే తేలిపోతుంది. ఈ దారి గురించి నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇదే.

ముందు మైలేజీ. మీటరు చూపే అంకెను, కంపెనీ చెప్పే అంకెను పక్కన పెట్టండి. ట్యాంకు నిండా పోయించి, ఓడోమీటరు రాసుకుని, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే మట్టానికి నింపి, పట్టిన లీటర్లతో భాగించాలి. రెండుసార్లూ బండి నిటారుగా ఉండాలి. సైడు స్టాండు మీద ఒరిగి ఉంటే ట్యాంకులో పట్టే పెట్రోలు మారిపోతుంది, లెక్క తప్పుతుంది. ఇలా చూస్తే 350 సీసీ ఇంజిను, 13 లీటర్ల ట్యాంకు ఉన్న నా బండి మైదానంలో లీటరుకు 36 ఇచ్చింది. కనుమల్లో అది 30కి దిగింది. అంటే కారూ చేరడానికి 11 లీటర్లు. ట్యాంకులో సరిపోయినట్టే, కానీ రోడ్డు మూసేస్తే వెనక్కి రావలసి వస్తుంది, ఒక్కోసారి మొదటి గేరులోనే గంటల తరబడి పాకవలసి వస్తుంది. అందుకే 5 లీటర్ల లోహపు క్యాను వెంట ఉండాలి. తాండీ మనాలీ తర్వాతి అటల్ సొరంగం దాటాకే వస్తుంది కాబట్టి సొరంగం గుండా నిండు క్యాను మోయనక్కర్లేదు, దాన్ని కూడా అక్కడే నింపుకోవచ్చు. దాన్ని అంచు వరకు నింపకండి. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గి లోపలి ఆవిరి మూతను నెడుతుంది, తీసేటప్పుడు నెమ్మదిగా తిప్పాలి. నీళ్ల సీసాల్లో పెట్రోలు కట్టుకెళ్లేవారిని చూస్తే భయం వేస్తుంది. అవి ఉబ్బి కారతాయి, వేడి సైలెన్సరు చేతికందే దూరంలోనే ఉంటుంది.

మైలేజీని ఇంట్లోనే మింగేసేవి మూడు: చైను, టైరు గాలి, ఎయిర్ ఫిల్టర్. చైను సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సెంటర్ స్టాండు వేసి, ఇంజిను ఆపి, కిరోసిన్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, లోపలి వైపు లింకులకు నూనె పట్టించాలి. తర్వాత వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కోచోట చైనును వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి. కొన్నిచోట్ల వదులుగా, ఒకచోట బిగుతుగా తగులుతుంది, ఎందుకంటే చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు. కొలత తీసుకోవలసింది ఆ బిగుతైన చోటే. చాలా బైకులకు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఆట ఉండాలి. కచ్చితమైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. బిగించేటప్పుడు చక్రానికి రెండు పక్కలా ఉన్న గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. ఈ పనంతా అరగంటకు మించదు, దానికి మెకానిక్కు అక్కర్లేదు. ఎండి బిగిసిన చైనుతో ఆ ఎత్తులకు వెళ్లడమంటే బ్రేకు సగం పట్టుకుని కొండెక్కడమే.

టైరు గాలి చల్లగా ఉన్నప్పుడు కొలిచి సరిచేసుకుంటే చాలు. ఎత్తులో బయటి పీడనం తగ్గుతుంది కాబట్టి పైన మళ్లీ గాలి కొట్టించవలసిన అవసరం రాదు.

ఇక ఎక్కడ ఆగాలి? కేలాంగ్ (సుమారు 3,080 మీటర్లు) లాహౌల్–స్పితి జిల్లా కేంద్రం. హోటళ్లు, ఏటీఎం, చిన్నపాటి మెకానిక్కులు దొరికే చివరి ఊరు అదే అనుకోవాలి. సౌకర్యాలకు కేలాంగే మేలు. నిద్రకు మాత్రం భాగా నది ఒడ్డున ఉన్న జిస్పా నాకు ఎక్కువ నచ్చింది. దాదాపు 3,200 మీటర్ల ఎత్తు కాబట్టి ఒంటికి అలవాటు కావడానికి సరిగ్గా సరిపోతుంది. వీలుంటే ఇక్కడ ఒక రోజు అదనంగా ఉండండి. ఆ తీరిక బండికీ పనికొస్తుంది: బోల్టులు, క్లచ్ కేబుల్, బ్రేకు ప్యాడ్లు ఒకసారి చూసుకోవచ్చు.

సర్చూ దాదాపు 4,290 మీటర్లు. బస అంతా గుడారాల్లో. రాత్రి గాలి గుడారాన్ని ఊపేస్తుంది, తలనొప్పి చాలామందిని పడుకోనివ్వదు. దారి మధ్యలో ఉంది కనుక ఆగక తప్పకపోవచ్చు గాని ఇష్టపడి ఆగే చోటు కాదు. పాంగ్ ఇంకా ఎత్తు, సుమారు 4,600 మీటర్లు. అక్కడి ధాబా గుడారాలు తినడానికి, కాసేపు నడుం వాల్చడానికి బాగుంటాయి. సైనిక శిబిరం ఉండటం ఒక ధైర్యం. రాత్రి బసకు మాత్రం నేను వద్దనే చెబుతాను.

జిస్పా నుంచి తెల్లవారకముందే బయలుదేరాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి జింగ్‌జింగ్‌బార్ చుట్టుపక్కల వాగులు పొంగుతాయి. వాటిని దాటిన వెంటనే చైను మీది నూనె కొట్టుకుపోయి ఇసుక పట్టేస్తుంది. చిన్న నూనె సీసా సంచి అడుగున కాకుండా చేతికందేలా ఉండాలి.

బారాలాచా లా (‘లా’ అంటే కనుమ; సుమారు 4,890 మీటర్లు) ఎక్కుతుండగా నా మిత్రుడి కార్బ్యురేటర్ బండి ముక్కడం మొదలుపెట్టింది. నా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికీ బలం తగ్గింది గాని అది పెట్రోలు మోతాదు తనంతట తానే తగ్గించుకుంది. కార్బ్యురేటర్ బండికి ఆ వీలు లేదు: గాలి పలచబడినా పెట్రోలు అంతే వస్తుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే మొన మీద నల్లటి పొడి మసి, వేలికి అంటుకునేంత. తుడిచి, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపి, గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే పైలట్ స్క్రూ కాస్త సవరించాక నడిచింది. కానీ ఆ బండికి లీటరుకు 25 దాటలేదు. లెక్క వేస్తే 330 కిలోమీటర్లకు 13 లీటర్లు చాలవు. క్యాను లేకపోతే పాంగ్ తర్వాత వచ్చే మోరే మైదానం దాటాక ఎక్కడో ఆగిపోయేది. గాటా లూప్స్ 21 మలుపులు, లాచుంగ్ లా, ఆపైన 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా అన్నీ ఇంకా ముందే ఉన్నాయి. తంగ్‌లాంగ్ లా దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే.

సేవల మాటకొస్తే, కేలాంగ్ దాటాక బండికి మీరే మెకానిక్కు. కొన్ని గుడారాల దగ్గర సీసాల్లో పెట్రోలు అమ్ముతారు, ధర ఎక్కువ, అందులో ఏం కలిసిందో తెలియదు. తప్పనిసరైతే గుడ్డతో వడగట్టి పోసుకోండి. పంక్చర్ కిట్టు, గాలి పంపు, అదనపు ప్లగ్, క్లచ్ కేబుల్, వాటిని బిగించే పానాలు వెంట ఉండాలి. అవి ఉంటే చాలదు, ఇంటి దగ్గర ఒక్కసారైనా మీ చేత్తో వాడి ఉండాలి. ఫోను మీద ఆశ పెట్టుకోవద్దు. చాలా మేర సిగ్నల్ ఉండదు, పైగా ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

ట్యాంకు 10 లీటర్ల లోపు ఉన్నవారికి, కార్బ్యురేటర్ బండి ఉన్నవారికి నా సలహా: శ్రీనగర్ వైపు నుంచి లేహ్ వెళ్లండి. లేహ్‌కు సుమారు 215 కిలోమీటర్ల ముందు కార్గిల్‌లో బంకు, బస, మెకానిక్కులు అన్నీ ఉన్నాయి. ఎత్తు కూడా మెల్లమెల్లగా పెరుగుతుంది. తిరుగు ప్రయాణం మనాలీ మీదుగా పెట్టుకోవచ్చు. అప్పటికి ఒళ్లు ఎత్తుకు అలవాటుపడి ఉంటుంది, లీటరుకు ఎంత వస్తోందో కూడా తేలి ఉంటుంది. అలా వచ్చేటప్పుడు కారూలో ట్యాంకు, క్యాను రెండూ నింపుకోండి.