జన్యు బ్యాంకా, రైతు పొలమా?

పంటల్లోని జన్యు వైవిధ్యాన్ని కాపాడటానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి: విత్తనాలను జన్యు బ్యాంకులో దాచడం, లేదా ఏటా పొలంలో పండిస్తూ నిలబెట్టుకోవడం.

పరిశోధనకైతే బ్యాంకుదే పైచేయి. బాగా ఆరబెట్టిన విత్తనాలు మైనస్ 18 డిగ్రీల దగ్గర దశాబ్దాల పాటు బతుకుతాయి. వేల రకాలను ఒకేచోట పోల్చి చూడొచ్చు. మొక్కను గిడసబారేలా చేసే గ్రాసీ స్టంట్ వైరస్ వరిని పీడించినప్పుడు అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 6,000కు పైగా నమూనాలను జల్లెడ పడితే, తట్టుకునే గుణం ఒరైజా నివారా అనే అడవి వరి నమూనా ఒక్కదానిలోనే దొరికింది. దాన్ని ఎవరూ దాచి ఉండకపోతే? కాకపోతే బ్యాంకు నడవాలంటే కరెంటు, నిధులు, శాంతి కావాలి. యుద్ధం వల్ల సిరియాలోని తమ బ్యాంకు అందకుండా పోతే, మెట్ట ప్రాంతాల పంటలపై పరిశోధించే ఇకార్డా సంస్థ, నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాలో దాచుకున్న నకళ్లను 2015లో వెనక్కి తెప్పించుకుంది.

పొలంలో పంట మారుతూనే ఉంటుంది. కొత్త తెగుళ్లకు, తప్పే వానలకు తట్టుకున్న మొక్కలే మరుసటి ఏడాదికి విత్తనమవుతాయి. ఫ్రీజర్‌లో ఈ పని జరగదు. అందుకే నా మొగ్గు పొలం వైపే, బ్యాంకు బీమాగా ఉండాలి. అయితే గిట్టుబాటు లేకపోతే రైతు ఆ రకాన్ని వదిలేస్తాడు, తప్పు పట్టలేం.

మామిడి, కోకో గింజల విషయంలో ఈ చర్చే లేదు. ఆరబెడితే అవి చచ్చిపోతాయి, కాబట్టి ప్రధానంగా చెట్లనే పెంచాలి.