చిన్న రీఫ్ ట్యాంక్‌కి రెఫ్యూజియం: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

చిన్న రీఫ్ ట్యాంక్‌కి (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్) రెఫ్యూజియం, అంటే నీళ్లు శుభ్రపడేందుకు నాచు పెంచే విడి గది, అవసరమా అని అడిగితే నా జవాబు అవును. అయితే ఎంత పెద్దది కట్టామన్నది అంత ముఖ్యం కాదు. దానికి ఎంత వెలుతురు ఇస్తున్నాం, పెరిగిన నాచును ఎంత క్రమంగా తీసేస్తున్నాం అన్న రెండు విషయాల మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కొన్నేళ్లు వాడాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది.

నా ట్యాంక్ సుమారు 100 లీటర్లది. కింద క్యాబినెట్‌లో 40 లీటర్ల సంప్, అంటే ట్యాంక్ నీళ్లు దిగి మళ్లీ పైకి వెళ్లే తొట్టి, ఉంది. గాజు పలకలు అడ్డం పెట్టి దాన్ని మూడు గదులు చేశాను. పై నుంచి దిగే నీళ్లు మొదటి గదిలో ఫిల్టర్ సాక్ గుండా పడతాయి, మధ్య గది రెఫ్యూజియం, చివరి గదిలో నీళ్లను మళ్లీ పైకి పంపే రిటర్న్ పంప్. మధ్య గదిలో పట్టేది 15 లీటర్లే. పైన ఒక జత క్లౌన్ ఫిష్, ఒక చిన్న గోబీ చేప, కోరల్స్‌లో (పగడాల్లో) జోయాంథిడ్స్, మష్రూమ్స్, ఒక హ్యామర్ కోరల్ ఉన్నాయి. లవణీయత 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాలు), నీటి వేడి 25 నుంచి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి) 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఉంచుతాను. నురుగుతో మురికిని లాగేసే స్కిమ్మర్ లేదు. చేపలు తక్కువ, వారానికి 10 శాతం నీళ్లు మారుస్తాను కాబట్టి దాని లోటు ఎప్పుడూ తెలియలేదు.

చేపలకు వేసిన తిండి చివరికి అమోనియాగా మారుతుంది. లైవ్ రాక్ అనే సముద్రపు రాళ్ల మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్‌లో ఎక్కువ భాగం నీళ్లలోనే పేరుకుంటుంది. ఫాస్ఫేట్ కూడా అంతే. రెఫ్యూజియంలోని నాచు ఈ రెండింటినీ పీల్చుకుని పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే ఒక విషయం గుర్తుంచుకోవాలి. నాచు పీల్చుకున్నంత మాత్రాన ఆ పోషకాలు ట్యాంక్ దాటి పోయినట్టు కాదు. నాచు కుళ్లితే మళ్లీ అన్నీ నీళ్లలోకే వస్తాయి. మనం చేత్తో పట్టుకుని బయట పడేసినప్పుడే లెక్క తీరుతుంది. నేను రెండు మూడు వారాలకోసారి దాదాపు సగం తీసేస్తాను. ముద్ద మరీ దట్టంగా పెరిగితే లోపలి పోగులకు వెలుతురు అందక తెల్లబడి చచ్చిపోతాయి. అందుకే తీసినప్పుడల్లా మిగిలిన ముద్దను విడదీసి తిరగేసి పెడతాను.

ఏ నాచు పెట్టాలన్న దాంట్లో నాకు రెండో ఆలోచన లేదు: కీటోమార్ఫా. అందరూ కీటో అంటారు. చిక్కుపడ్డ ఆకుపచ్చ నైలాన్ దారంలా ఉంటుంది, రాళ్లకు వేళ్లు పట్టదు, తీయడం చాలా సులువు. కాలెర్పా చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ నేను వద్దంటాను. అది ఒక్కోసారి ఉన్నట్టుండి తన బీజకణాలన్నీ నీళ్లలోకి వదిలేసి చచ్చిపోతుంది, నీళ్లు పాలలా తెల్లబడతాయి, పీల్చుకున్న పోషకాలన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. పెద్ద ట్యాంక్ ఆ దెబ్బను తట్టుకోవచ్చేమో, 100 లీటర్ల ట్యాంక్‌కి చాలా కష్టం. ఇంకో కారణం కూడా ఉంది. కాలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో తీరంలో కనిపించి మధ్యధరా సముద్రంలో పెద్ద మేర పరుచుకుంది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక మడుగులో దొరికినప్పుడు దాన్ని పూర్తిగా తొలగించడానికి ఆరేళ్లు పట్టింది. కీటో అయినా సరే, తీసిన నాచును డ్రెయిన్‌లోకో సముద్రంలోకో వదలకండి. ఎండబెట్టి చెత్తలో వేయండి.

వెలుతురు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రెఫ్యూజియం పనిచేయట్లేదు అనేవాళ్ల ట్యాంకుల్లో నేను ఎక్కువగా చూసింది మసక లైటే. మొక్కలకు వాడే ఎరుపు, నీలం కలిసిన ఎల్ఈడీలు బాగానే పెంచుతాయి కానీ ఆ ఊదారంగు క్యాబినెట్ సందుల్లోంచి గదంతా పడుతుంది, కంటికి ఇబ్బంది. నేను వాడేది 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైట్. నాచు పెరుగుదలలో నాకు తేడా కనిపించలేదు. లైటును నీటికి దగ్గరగా, నీళ్లు చిందినా తడవని చోట బిగించాలి. వైరు ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా ఉంచితే, వైరు వెంట జారే నీటి చుక్క ప్లగ్ దాకా చేరదు. ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉన్న పెట్టెలో ఇది తప్పనిసరి. మధ్య గది గోడలకు నల్ల షీటు అంటించడం కూడా మంచిది, లేకపోతే పంపు గది నిండా పాకుడు పడుతుంది.

టైమర్‌ను పై ట్యాంక్ లైటుకు సరిగ్గా వ్యతిరేకంగా పెట్టాను. పైన లైటు ఆరాక కింద వెలుగుతుంది. రాత్రి కోరల్స్, చేపలు, బ్యాక్టీరియా అన్నీ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి, కిరణజన్య సంయోగక్రియ మాత్రం ఆగిపోతుంది. అందుకే తెల్లవారేసరికి పీహెచ్ పడిపోతుంది. కింద నాచు రాత్రంతా ఆ వాయువును వాడుకుంటే ఆ పడిపోవడం తగ్గుతుంది. నా ట్యాంక్‌లో తెల్లవారుజామున 7.8 దగ్గర ఉండే పీహెచ్ ఇప్పుడు 8కి అటూఇటూగా ఉంటోంది. గదిలో తలుపులు, కిటికీలు మూసి ఉంచిన రోజుల్లో మాత్రం ఈ లాభం బాగా తగ్గిపోతుంది.

నైట్రేట్ ముందు పడిపోయి ఫాస్ఫేట్ మాత్రం మొండికేస్తే కంగారు పడకండి. 1983లో అట్కిన్సన్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు సముద్రపు అడుగున పెరిగే మొక్కలను పరిశీలించినప్పుడు, సగటున ఒక ఫాస్ఫరస్ పరమాణువుకు 30 నైట్రోజన్ పరమాణువులు ఉన్నట్టు తేలింది. అంటే నాచుకు నైట్రోజన్ ఆకలి చాలా ఎక్కువ. నా ట్యాంక్‌లో ఒక దశలో నైట్రేట్ సున్నాకి వచ్చింది, జోయాంథిడ్స్ రంగు తగ్గి ముడుచుకున్నాయి, కీటో కూడా పాలిపోయింది. లైటు గంటలు 12 నుంచి 8కి తగ్గించి, చేపలకు తిండి కాస్త పెంచాక అన్నీ కోలుకున్నాయి. ఇప్పుడు నైట్రేట్ 5 పీపీఎం (పది లక్షల్లో 5 భాగాలు), ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంటే చాలనుకుంటున్నాను. రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్స్ అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా పరుచుకునే ప్రమాదం ఉంది, వాటితో పడే టెన్షన్ మామూలు పాకుడు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కోపిపాడ్స్, ఆంఫిపాడ్స్ అనే రొయ్యల్లాంటి చిన్న చిన్న జీవులు కీటోలో బాగా పెరుగుతాయి. రాత్రి టార్చి వేస్తే గాజు మీద చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి, చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. అయితే వీటిని నమ్ముకుని మాండరిన్ చేపను మాత్రం తెచ్చుకోవద్దు. అది రోజంతా వెతుక్కుని తినే చేప, 15 లీటర్ల రెఫ్యూజియం దాని కడుపు నింపలేదు. చిన్న ట్యాంకుల్లో అది మెల్లగా చిక్కిపోయి చనిపోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

రెఫ్యూజియం అడుగున ఇసుక, మట్టి ఏవీ వేయలేదు, నాలుగు రాతి ముక్కలు తప్ప. అడుగు ఖాళీగా ఉంటే పేరుకున్న మురికిని నీళ్లు మార్చేటప్పుడు పైపుతో లాగేయడం సులువు.

ప్లాన్ వేసేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది కరెంటు పోతే ఏమవుతుందన్నది. పంపు ఆగితే పై ట్యాంక్‌లోంచి కొంత నీరు కిందికి దిగుతుంది. సంప్‌లో ఆ నీటికి చోటుండాలి. రిటర్న్ నాజిల్‌ను (పంపు నీళ్లు పై ట్యాంక్‌లో పడే మూతి) నీటి మట్టానికి కొద్దిగా మాత్రమే కిందికి పెడితే ఎక్కువ నీరు వెనక్కి రాదు. సైఫన్ (పైపులోంచి నీరు దానంతట అదే వెనక్కి దిగడం) ఆగడానికి పైపుకి చిన్న కన్నం పెడతారు గానీ అది పాకుడుతో మూసుకుపోవచ్చు, దాని ఒక్కదాని మీద ఆధారపడొద్దు. పంపు ఆపి, నీరంతా దిగాక ఆగిన మట్టం, మళ్లీ నడిపినప్పుడు నిలిచే మట్టం రెండూ సంప్ గాజు మీద మార్కర్‌తో గీయండి. నడుస్తున్నప్పుడు కింది గీత దాటి నింపకండి.

ఆవిరయ్యే నీళ్ల సంగతీ అంతే ముఖ్యం. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి మంచినీళ్లే పోయాలి, అదీ ఆర్వో డీఐ నీళ్లు (కరిగిన లవణాలు తీసేసినవి). తగ్గుదల పంపు గదిలోనే కనిపిస్తుంది, అడ్డపలకల వల్ల మధ్య గది మట్టం మారదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే రెఫ్యూజియం లైటు కంటే ముందు ఆవిరైన నీళ్లను తానే నింపే ఆటోమేటిక్ టాప్ ఆఫ్ కొనమంటాను. దాని నీళ్ల డబ్బా మాత్రం చిన్నదిగా ఉండాలి. సెన్సర్ ఇరుక్కుని డబ్బా మొత్తం ఖాళీ అయినా సంప్ పొంగకూడదు, లవణీయత ప్రమాదంలో పడకూడదు.

మళ్లీ కడితే ఒకటే మారుస్తాను. మధ్య గదికీ పంపు గదికీ మధ్య ఉన్న పలక పైన పళ్లలాంటి సన్న జాలీ పెడతాను. కీటో పోగులు తెగి పంపులోకి వెళ్తున్నాయి, అది విప్పి కడగాల్సి వస్తోంది. మిగతాదంతా ఇలాగే ఉంచుతాను.