గళ్ళ సొరుగులు: పాత అచ్చు ప్రెస్ కేసులతో కట్టిన షెడ్డు బీరువా, చాలాకాలం వాడాక

షెడ్డులో చిల్లర సామాను దేంట్లో పెట్టుకోవాలని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: గళ్ళున్న, లోతు తక్కువ సొరుగు. అరలు వద్దు, మూత డబ్బాలు వద్దు. లాగగానే అడుగుదాకా కనబడాలి, ఒకదాని కింద ఒకటి దాక్కోకూడదు. మా షెడ్డులో స్టీలు బీరువా ఉంది, పాత వంటింటి కప్‌బోర్డులున్నాయి, ప్లాస్టిక్ ట్రేలున్నాయి. అన్నిట్నీ ఏళ్ళ తరబడి వాడాను. వాటిలో నేను మనసారా మెచ్చుకునేది పాత అచ్చు ప్రెస్ కేసులతో కట్టిన బీరువా ఒక్కటే. కేసంటే అచ్చు అక్షరాలను విడివిడిగా పెట్టుకునే గళ్ళ చెక్క సొరుగు.

మాది హనుమకొండ. కారు గేటు లోపల చెట్టు కింద నిలబడుతుంది, షెడ్డు మాత్రం నాది. ఇంటి వైరింగు, మోటారు, తలుపుల రిపేర్లు, అప్పుడప్పుడు ఒక స్టూలో, గోడ అల్మారానో కొత్తగా చేయడం, ఇదీ నా పని. రోజూ గంటల తరబడి పనిచేసే వడ్లాయన కొట్టుతో దీన్ని పోల్చొద్దు.

కేసులు వరంగల్‌లో మూతపడిన ఒక చిన్న ప్రెస్ నుంచి వచ్చాయి. కంప్యూటరు మీద పేజీలు కట్టే డీటీపీ, ఆఫ్‌సెట్ అచ్చు వచ్చి 1990ల్లో చేతి కంపోజింగును, అంటే అక్షరాలను చేత్తో ఒక్కొక్కటిగా పేర్చే పనిని, పక్కకు నెట్టేశాక పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు వేసే ప్రెస్సుల్లో ఇవి మూలన పడ్డాయి. అక్షరాలను కరిగిస్తే డబ్బొస్తుంది కాబట్టి వాటిని తూకానికి కొనుక్కుపోతారు. ఖాళీ చెక్క కేసులకు పొయ్యిల కట్టెల విలువే. పద్నాలుగు కేసులు నాకు దాదాపు ఆ విలువకే దొరికాయి. ఇప్పుడు వీటినే గోడకు తగిలించే పాతకాలపు వస్తువులంటూ బాగా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఆ ధర పెట్టి షెడ్డు కోసం కొనమని నేను చెప్పను.

తెలుగు ప్రెస్ కేసు అని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, ఇంగ్లిషు అచ్చుకు పెద్దక్షరాలకొకటి, చిన్నక్షరాలకొకటి, రెండు కేసులతో గడిచిపోతుంది. మనకు గుణింతాలు, వత్తులు అన్నిటికీ విడి అచ్చు అక్షరాలు కావాలి కాబట్టి కేసులూ ఎక్కువ, గళ్ళూ ఎక్కువ. ఎక్కువసార్లు వాడే అక్షరానికి పెద్ద గడి, అదీ చేతికి దగ్గర్లో. ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి చిన్న గడి, అంచున. నేనూ అదే పద్ధతిలో సర్దుకున్నా. 35×8 స్క్రూలు (35 మిల్లీమీటర్ల పొడుగు, 8 నంబరు మందం), గిట్టీలు (గోడ రంధ్రంలో స్క్రూ కోసం దిగ్గొట్టే ముక్కలు), మామూలు వాషర్లు నడుమ పెద్ద గళ్ళలో. ఇత్తడి స్క్రూలు, పాత తాళాల స్ప్రింగులు, సీలింగ్ ఫ్యాన్ కాటర్ పిన్నులు అంచు గళ్ళలో. ఎక్కడ ఏముందో రాసి అతికించాలనుకున్న చీటీలు అట్లాగే ఉండిపోయాయి. వాటి అవసరం రాలేదు, చెయ్యే నేర్చుకుంది.

గట్టితనం గురించి అనుమానమే అక్కర్లేదు. సీసపు అక్షరాలు నిండా పోస్తే ఒక్కో కేసు ఒంటిచేత్తో లేవనంత బరువుండేది. అంత బరువు మోయడానికి చేసిన సొరుగుకు మన స్క్రూలూ నట్లూ ఒక లెక్క కాదు. ఇన్నేళ్ళలో ఒక్క కేసు అడుగు కూడా కిందికి జారలేదు.

కానీ ఆ సీసం గురించే అన్నిటికన్నా ముందు చెప్పాలి. అచ్చు అక్షరాల లోహం సీసం, ఆంటిమొని, తగరం కలిపి చేస్తారు. దశాబ్దాలపాటు అక్షరాలు ఒరుసుకుని ఒరుసుకుని గళ్ళ మూలల్లో బూడిదరంగు ధూళి పేరుకుంటుంది. దాన్ని చీపురుతో ఊడవద్దు. బ్లోయరు అసలే పెట్టొద్దు. గరుకు కాగితంతో పొడిగా రుద్దొద్దు. ముక్కుకు మంచి మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకుని, సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో గడి గడీ తుడిచాను. పాత టూత్‌బ్రష్షుకు తడి గుడ్డ చుట్టి మూలలు తీశాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా అదే పని. ఆ నీళ్ళు చెట్లకు పోయలేదు, గుడ్డల్ని మళ్ళీ వాడలేదు. బాగా ఆరాక రెండు పూతలు వార్నిష్ వేశాను, చెక్కలో ఇంకిపోయింది ఏమైనా ఉంటే అక్కడే ఆగిపోతుందని. ఇంత చేసినా ఈ గళ్ళలో విత్తనాలు గానీ, పిల్లల బొమ్మలు గానీ పెట్టను. కేసు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా అన్నానికి కూర్చోను. సీసం పిల్లల మెదడుకు చేసే చెరుపు చిన్నది కాదు.

కేసులు పట్టే గూడును వడ్లాయన సాయంతో కట్టాను. పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు దర్వాజ చెక్కలు నిలువు కాళ్ళకు పనికొచ్చాయి. పక్కలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మరిగే నీళ్ళలో 72 గంటలు ఉంచి పరీక్షించే రకం. సొరుగు జరగడానికి పక్కల బిగించే లోహపు ఛానళ్ళు లేవు. టేకు పట్టీల మీద చెక్క మీద చెక్కే జరుగుతుంది. కాళ్ళ కింద గ్రానైటు ముక్కలు పెట్టాం. కట్టడం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, కొలతలు ఎవరి కేసులకు వాళ్ళు తీసుకోవాల్సిందే.

ఛానళ్ళు లేకపోవడం డబ్బు ఆదా అనుకున్నానే తప్ప, దాన్ని మించిన మేలు అందులో ఉందని ఒక వేసవి సాయంత్రం తెలిసింది. పైన కిరాయికుండే వాళ్ళింట్లో పెళ్లి. ఇంటినిండా చుట్టాలు. సరిగ్గా ఆ పొద్దు బోరు మోటారు ఆగిపోయింది, ట్యాంకు అడుగంటింది. మెయిన్ కట్ చేసి, టెస్టరుతో చూసుకుని స్టార్టరు మూత విప్పితే, ఒక టెర్మినల్ దగ్గర వైరు కొస నల్లగా మాడి, థింబుల్ (వైరు కొసకు నొక్కే లోహపు తొడుగు) రెండుగా చీలిపోయి ఉంది. స్క్రూ తల కూడా కరిగి వంకరపోయింది. ఇట్లాంటప్పుడు అంతకుముందు నా పని షెడ్డుకూ బోరుకూ మధ్య తిరగడమే. ఒకసారి థింబుల్ కోసం, ఆ సైజు కాదని ఇంకోసారి, వాషర్ మర్చిపోయి మరోసారి.

ఆ రోజు కరెంటు సామాను కేసును మొత్తంగా బయటికి లాగి, రెండు చేతుల్లో పట్టుకుని గేటు పక్కన అరుగు మీద పెట్టాను. పెళ్లికొడుకు బావమరిది ఫోన్ లైటు పట్టుకున్నాడు. వెలుతురు పడగానే అన్నీ ఒక్క చూపులో కనబడ్డాయి: రింగు థింబుళ్ళు ఒక గడిలో, ఫోర్కు థింబుళ్ళు దాని పక్కన, చిన్న ఇత్తడి స్క్రూలు, స్ప్రింగు వాషర్లు, రబ్బరు స్లీవులు. మాడిన కొస కత్తిరించి, నిగనిగలాడే రాగి కనబడేదాకా వెనక్కి పోయి, స్లీవు ఎక్కించి, థింబుల్ నొక్కి, స్ప్రింగు వాషర్‌తో బిగించాను. "ఇది మా అమ్మ పోపుల డబ్బ లెక్కనే ఉన్నది కదా అన్నా" అన్నాడా పిల్లవాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. చుట్టాల స్నానాల వేళకు ట్యాంకు నిండింది.

సొరుగు బీరువాలోంచి విడిపోయి పని దగ్గరికి రాగలగడం, నాకు నచ్చినదల్లా ఇదే. ఛానల్ బిగించిన సొరుగుకు ఈ సుగుణం లేదు. కొన్నిటికి క్లిప్పు నొక్కితే ఊడొస్తాయి గానీ, చీకట్లో తిరిగి ఎక్కించడం మాత్రం పెద్ద పనే. ఇది మేడ మీదికి వస్తుంది, మోటారు దగ్గరికి వస్తుంది, మా అన్న ఇంటికి స్కూటరు మీద కూడా వెళ్ళింది.

ఇప్పుడు దీని రెండో వైపు. సొరుగు సులువుగా ఊడొస్తుందంటే సులువుగా పడిపోతుంది కూడా. ఆగడానికి అడ్డం ఏమీ లేదు. మా తమ్ముడి కొడుకు వాషర్ల కోసం ఒక కేసును ఒక్క ఊపున లాగాడు. సగం దాటగానే ముందుకు ఒరిగి నేల మీద పడింది. 19×6, 25×6, 35×8 అన్నీ కలిసి ఒకటే కుప్ప. వేరుచేస్తూ ఆ ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. కేసు ఒక మూల కీలు విడింది. ఫెవికాల్ పెట్టి, సన్న మొలలు కొట్టి బిగించాం గానీ, ఆ కేసు ఇప్పటికీ కాస్త వంకరగానే జరుగుతుంది.

దానికి మందు మా వెనక వీధి పెద్దాయన చెప్పాడు. ఆయన చిన్నప్పటినుంచి కంపోజిటరుగా చేసినాయన. బీరువా చూసి, నేను కేసు లాగే తీరు చూసి, వెంటనే ఆపాడు. "గట్ల ఒక్కదాన్నే గుంజద్దు బిడ్డా. ముందుగాల కిందిదాన్ని జానెడు గుంజు. పైదాన్ని దాని మీద ఆనిచ్చుకో. మేం గంత సీసం పెట్టుకుని గట్లనే చేసినం." అంతే. కింది కేసు ఒక మెట్టులా నిలబడుతుంది, పై కేసు దాని మీద ఆనుతుంది, ఎంత లాగినా ఒరగదు. అడుగున ఉన్న కేసుకు మాత్రం కిందిది ఉండదు కాబట్టి దానికొక్కదానికి తిరిగే చెక్క అడ్డం పెట్టాను. అప్పట్నుంచి ఏదీ పడలేదు. ఇంట్లో అందరికీ ఇది నేర్పాల్సి వచ్చింది, వచ్చిన ప్రతివాళ్ళకూ నేర్పలేం కదా.

వానాకాలంలో ఇంకో తగవు. చెక్క ఉబ్బి కొన్ని కేసులు పట్టేస్తాయి. పట్టీల మీద కొవ్వొత్తి రుద్దితే కొంత జరుగుతాయి, ముసురు పట్టినప్పుడు మాత్రం రెండు మూడు కేసులు కదలనే కదలవు. సంక్రాంతి నాటికి వాటంతటవే వదులవుతాయి. "ఛానల్ లేకపోతే పాడయ్యేదేమీ లేదు" అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట ఎండాకాలానికే సరిపోతుంది.

2025 అక్టోబరు చివర్న మొంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు మా షెడ్డులోకీ చీలమండల లోతు నీళ్ళొచ్చాయి. గ్రానైటు ముక్కల మీద ఉన్న కేసుల బీరువాకు నీళ్ళు అందలేదు. పక్కనే, ఒక చుట్టం మాడ్యులర్ కిచెన్ మార్చుకుంటూ ఉత్తగా ఇచ్చిన కప్‌బోర్డులు నేలకు ఆనుకుని ఉన్నాయి. పార్టికల్ బోర్డు. అడుగు పలకలు అటుకుల్లా విచ్చుకున్నాయి. లామినేషన్ పొర పైకి లేచింది, హింజ్ స్క్రూలు చేత్తో లాగితే వచ్చేశాయి. ఆ బోర్డు ఒకసారి ఉబ్బిందంటే ఎండినా మళ్ళీ స్క్రూ పట్టదు. పైభాగం పెట్టెలు మాత్రం బాగానే ఉన్నాయి, గోడకు ఎత్తులో బిగించి పెయింటు డబ్బాలు పెట్టుకున్నా. ఉత్తగా వచ్చినవి అట్లా వాడుకోవచ్చు, నేల మీద మాత్రం వద్దు. స్టీలు బీరువాకు అడుగున కొంచెం తుప్పు తప్ప ఏమీ కాలేదు. డ్రిల్లు, గ్రైండరు, జాక్ లాంటి పెద్ద సామానుకు దాన్ని మించింది లేదు, అందులో చర్చే లేదు.

ఎందుకంటే కేసుల్లో పెద్దవేవీ పట్టవు. లోపలి లోతు అంగుళం పావుకు మించదు. ఫ్యాను కెపాసిటరు పట్టదు, పొడుగు బోల్టు చిన్న గడిలో పడుకోదు. 75 మిల్లీమీటర్ల స్క్రూల కోసం ఒక కేసులో నడిమి అడ్డపట్టీలు మెల్లగా లాగేసి గళ్ళు కలిపాను. అవి గాడిలో ఇరికించినవే, అంటించినవి కావు. అయినా పాత చెక్క పెళుసు, ఒకటి రెండు విరిగాయి.

కాబట్టి ఎవరికి? నాలాగా రకరకాల చిన్న సామాను ఉండి, ఒకే చోట కూర్చుని కాకుండా ఇల్లంతా తిరిగి పనిచేసే వాళ్ళకు, కేసులు కట్టెల ధరకో, తెలిసినవాళ్ళ దగ్గరో దొరికితే, కళ్ళు మూసుకుని తెచ్చుకోండి. మా పిల్లలు కాలేజీకి వచ్చారు కాబట్టి సీసం విషయంలో నాకు కొంత ధైర్యం. పాకే పిల్లలు, ఏది పడితే అది నోట్లో పెట్టుకునే పిల్లలు ఉన్న ఇంటికైతే ఈ కేసులు వద్దు. మా చెల్లెలు తన ఇంటికి రెండు అడిగింది, ఇవ్వలేదు. ఆమెకు అదే లోతులో, అవే గళ్ళతో కొత్త ప్లై సొరుగులు చేసి ఇస్తున్నా, ఛానళ్ళు లేకుండానే.