బ్రూవరీకి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాలా, రాత్రి వెళ్లాలా?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మధ్యాహ్నానికే.

సొంతంగా బీర్ తయారు చేసి అక్కడే పోసే బ్రూవరీ అనగానే జనానికి గుర్తొచ్చేది వారాంతం రాత్రి. నేనూ చాలాకాలం అలాగే వెళ్లాను. వెళ్లొచ్చాక ఏం తాగావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఎక్కువ తాగేసి కాదు బాబోయ్, ఆ గోలలో దేని రుచీ పట్టక. పాటల హోరులో పక్కవాడికి చెప్పాలన్నా చెవిలో అరవాలి, చీకట్లో గ్లాసులో ఉన్నది బంగారు రంగో రాగి రంగో తెలియదు, నాలుగు టేబుళ్ల తిండి వాసనలూ మన ముక్కు దగ్గరే తిరుగుతుంటాయి. బీర్ రుచిలో సగానికి పైగా వాసనే, జలుబు చేసినప్పుడు తాగి చూస్తే తెలుస్తుంది. అలాంటిచోట పది రకాల బీర్లున్నా ఒకటే, ఒక్కటున్నా ఒకటే.

మధ్యాహ్నం సంగతి వేరు. బీర్ వండే పని మామూలుగా పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి, అదృష్టం బాగుంటే మనం వెళ్లేసరికి అద్దాల వెనక అది జరుగుతూనే ఉంటుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి 65 డిగ్రీలకు అటూఇటూ ఉన్న వేడినీళ్లలో గంటసేపు నానబెడితే అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ తియ్యటి నీళ్లను వడకట్టి, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే పూలు వేసి గంటా గంటన్నర మరిగిస్తారు. ఆ మరిగేటప్పటి వాసన, గంజి కాగుతున్నట్టు, దాని మీద ఎవరో పచ్చి ఆకులు నలిపినట్టు, హాలంతా పరుచుకుంటుంది. ఆ వాసన మధ్య కూర్చుని తాగడం నాకు భలే ఇష్టం. పైగా ఆ టైంలో తయారుచేసే మనిషే రబ్బరు బూట్లతో అటూఇటూ తిరుగుతుంటాడు, తీరిగ్గా ఉంటే మాట కలుపుతాడు. ఓసారి గోధుమ బీర్ తాగుతూ, ఇందులో అరటిపండు ఎప్పుడు కలుపుతారని అడిగేశాను. ఆయన నవ్వి, "అరటిపండు లేదు సార్, అదంతా ఈస్ట్ చేసే పని" అన్నాడు. నిజమే, మగ్గిన అరటిపండుకు ఆ వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్‌నే ఆ తియ్యటి నీళ్లను పులియబెట్టి బీర్‌గా మార్చే ఆ రకం ఈస్ట్ కూడా పుట్టిస్తుంది, వెనకాలే వచ్చే లవంగం వాసన కూడా దాని చలవే. రాత్రిపూట ఈ ప్రశ్న అడిగితే వినేవాడెవడు?

ఇక కూర్చున్నాక రెండో తగువు, పెద్ద గ్లాసా, ఫ్లైటా? ఫ్లైట్ అంటే చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఒక చెక్క మీద పెట్టి ఇస్తారు కదా, అది. మొదటిసారి మా బావ దాన్ని చూసి "ఏంటిది, దగ్గుమందు పోసినట్టు పోశారు" అని మొహం మాడ్చుకున్నాడు. లెక్క వేసి చూపించాను. ఒక్కోటి 120 మిల్లీలీటర్లు అనుకుంటే నాలుగు కలిపి 480, అంటే ఇంచుమించు ఒక పెద్ద గ్లాసే. అంతే తాగుతాం, నాలుగు రుచులు తెలుస్తాయి. కొత్తచోటికి వెళ్తే నేను కళ్లు మూసుకుని ఫ్లైటే చెప్తాను. లేతరంగు, తక్కువ చేదు ఉన్నవి ముందు, బాగా చేదువీ నల్లవీ చివర. వరస తిరగేస్తే మొదటి చేదు నాలుక మీద కూర్చుని తర్వాతివన్నీ నీళ్లలా అనిపిస్తాయి. దీనికో ఇబ్బంది ఉంది. చివరి గ్లాసు దగ్గరకొచ్చేసరికి వేడెక్కి నురగ చచ్చిపోయి ఉంటుంది. నల్లటి స్టౌట్‌కి కాస్త వేడెక్కడం మంచిదే, మరీ చల్లగా ఉంటే దాని కాఫీ, చాక్లెట్ వాసనలు బయటికి రావు, కానీ లేత లాగర్ మాత్రం అలా తాగలేం. నచ్చిందేదో ముందే తెలిసినచోట పెద్ద గ్లాసు చెప్పడమే హాయి.

ఎంత తాగుతున్నామన్నది మిల్లీలీటర్లలోనే చూస్తే సరిపోదు. 5 శాతం బీర్ అర లీటరులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒంటికి గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే అరుగుతుంది, అంటే ఆ ఒక్క గ్లాసుకే రెండు మూడు గంటలు. అదే 8 శాతమైతే 32 గ్రాములకు దగ్గర. బోర్డు మీద పేరు పక్కన ఆ శాతం రాసే ఉంటుంది, మనమే పేరు చూసి చెప్పేస్తాం. ఒక రాత్రి ఏమీ తినకుండా వెళ్లి అలాంటి నల్లటిదొకటి గబగబా తాగేసి, లేచి నిలబడ్డాక గానీ సంగతి అర్థం కాలేదు, టేబుల్ పట్టుకుని మళ్లీ కూర్చున్నా. భోజనంతో పాటైతే కడుపులో తిండి ఉంటుంది కాబట్టి ఆల్కహాల్ పేగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది, ఒకేసారి తలకెక్కదు. మొత్తం మాత్రం తగ్గదు, ఆ భ్రమ వద్దు. బండి పగలైనా రాత్రైనా తీయకూడదు. ఇంకోటి, మధ్యాహ్నం తాగాక ఆ రోజు పని మీద ఆశ వదులుకోవాలి, నిద్ర ముంచుకొస్తుంది. సెలవు రోజు చూసుకోండి.

తిండి విషయంలో నాకో మూర్ఖపు నమ్మకం ఉండేది, కారానికి విరుగుడు ఐపీఏ అని, అంటే హాప్స్ దట్టించి చేసే బాగా చేదు బీర్. తెగ మండింది. నోట్లో కారాన్ని పసిగట్టే నరాలను ఆల్కహాల్ ఇంకా రెచ్చగొడుతుంది, దానికి హాప్స్ చేదు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కారానికి కాస్త తీపి తగిలే గోధుమ బీరో, తక్కువ శాతం లేత బీరో మేలు. నూనెలో వేయించినవాటికి పిల్స్‌నర్‌ని మించింది లేదు, గ్యాసు, సన్నటి చేదు కలిసి నోట్లో జిడ్డును కడిగేస్తాయి. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా (జర్మనీ) మనిషి మొదటిసారి చేసిన రకం అది, ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ చూసినా దాని పిల్లలే. నిప్పుల మీద కాల్చినవాటికి మాత్రం వేయించిన బార్లీతో చేసిన నల్లటిదే కుదురుతుంది.

మధ్యాహ్నానికి ఉన్న అసలు లోపం ఎండ. ఓసారి ఆరుబయట టేబుల్ బాగుందని కూర్చుని తీరిగ్గా తింటుంటే, గ్లాసులో సగమయ్యేసరికి రబ్బరు కాలినట్టు అదోలాంటి కంపు మొదలైంది. బీర్ పాడైందని సర్వర్‌ని పిలిచి గట్టిగానే అన్నాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. వెలుతురు పడితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకంతో కలిసి ఆ కంపు పుట్టిస్తాయట, నేరుగా ఎండ తగిలితే నిమిషాల్లోనే. బీర్ సీసాలు ముదురు గోధుమ రంగులో ఉండేది అందుకే. అప్పట్నుంచీ నీడ చూసుకునే కూర్చుంటున్నా.

"ఇంత తతంగం ఎందుకు, మామూలు బార్‌లో సీసా తాగితే పోదా" అంటే, ఒక్కోసారి అదే నయం. హాప్స్ వాసన వారాల్లో తగ్గిపోతుంది కాబట్టి ఐపీఏ లాంటివి ట్యాంకు పక్కనే తాగాలి. లాగర్ సంగతి అలా కాదు, దాన్ని చల్లగా వారాల తరబడి నిల్వ ఉంచితేనే బాగుంటుంది, ఆ పేరే జర్మన్‌లో నిల్వ చేయడమన్న మాట నుంచి వచ్చింది. ట్యాంకులు తక్కువై తొందరపడి తీసేసినచోట వెన్న వాసన కొడుతుంది, దానికన్నా పెద్ద ఫ్యాక్టరీ సీసా వెయ్యి రెట్లు మేలు. గ్లాసు కూడా చూడండి. గోడలకు బుడగలు అతుక్కుని కదలకుండా ఉంటే సరిగ్గా కడగలేదని లెక్క. శుభ్రమైన గ్లాసులో గుక్క గుక్కకీ నురగ ఒక్కో గీతలా మిగులుతుంది.

రాత్రికి వంక పెట్టడం కాదు, పదిమంది కలిసి పుట్టినరోజు చేసుకోవాలంటే రాత్రే వెళ్లండి, అక్కడ బీర్‌ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. నేనూ మా బావా మాత్రం పన్నెండు కాకముందే వెళ్లి, ట్యాంకులు కనపడేలా నీడలో ఉన్న టేబుల్ పట్టుకుంటాం. ఈమధ్య ఫ్లైట్ రాగానే చిన్న గ్లాసులు వరసలో సర్దేది బావే.